పాత అపార్ట్‌మెంటులో గీజర్ విప్పబోయే ముందు

కార్తీక మాసం వస్తే నా ఫోను తెల్లవారకముందే మోగుతుంది. చీకటితో లేచి తలస్నానం చేసే పెద్దవాళ్ల ఇళ్ల నుంచే మొదటి పిలుపులు. వేసవిలో, వానల్లో ముట్టుకోని గీజర్‌కు ఆ రోజు స్విచ్ వేస్తారు. నీళ్లు వేడెక్కవు, లేదా మెయిన్ పడిపోతుంది, లేదా కుళాయి పట్టుకుంటే చెయ్యి జిల్లుమంటుంది. ఈ మూడోది విన్నప్పుడు మాత్రం, "అమ్మా, నేను వచ్చేదాకా బాత్‌రూములోకి ఎవరూ వెళ్లకండి, గీజర్ మెయిన్ దించేయండి" అని చెప్పి, కాఫీ కూడా తాగకుండా బయలుదేరతాను.

నా పని ఎక్కువగా హైదరాబాదులో నల్లకుంట, విద్యానగర్, బర్కత్‌పుర, చిక్కడపల్లి వైపు, 1980లలో, 90లలో కట్టిన అపార్ట్‌మెంట్లలో. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆ మెట్లే ఎక్కి దిగుతున్నాను. కొత్త ఇంట్లో గీజర్ పాడైతే గీజర్‌ను చూస్తే సరిపోతుంది. పాత అపార్ట్‌మెంటులో అలా కుదరదు. పైన ట్యాంకు, ట్యాంకు నుంచి అన్ని ఇళ్లకూ దిగే ఒకే గొట్టం, గోడలో ముప్ఫై ఏళ్ల నాటి తీగ, దారి తప్పిన కరెంటును నేలలోకి పంపడానికి వాకిట్లో ఎప్పుడో తవ్విన ఎర్త్ గుంట, పై ఇల్లు, కింది ఇల్లు అన్నీ ఆ గీజర్‌కు ముడిపడి ఉంటాయి. అందుకే ముందు భవనాన్ని చూస్తాను, గీజర్ మూత తర్వాత విప్పుతాను. ఈ వరుస తప్పితే ఏమవుతుందో ఒక సంగతి చెబుతాను.

ఒక నాలుగంతస్తుల భవనంలో కింది ఇంటి పెద్దావిడ వంటింటి కుళాయి తాకితే చీమ కుట్టినట్టు ఉంటోందని పిలిచారు. ఆవిడ ఇంట్లో గీజరే లేదు, నీళ్లు గ్యాసు పొయ్యి మీద కాచుకుంటారు. అంతకు ముందు ఇద్దరు వచ్చి ఆ ఇంటి వైరింగంతా చూసి, లోపం ఏమీ లేదని చెప్పి వెళ్లారు. నిజంగానే ఆ ఇంట్లో లోపం లేదు. నేను వాకిట్లో తడి మట్టిలో పొడవాటి స్క్రూడ్రైవర్ గుచ్చి, మీటరు ఒక మొన దానికి, ఇంకొకటి కుళాయికి తాకించాను. 94 వోల్టులు. మీటరు చూడమని వాచ్‌మన్‌ను అక్కడ నిలబెట్టి, ఒక్కొక్క అంతస్తూ ఎక్కుతూ ప్రతి ఇంట్లో గీజర్ ఆపించాను. మూడో అంతస్తులో ఒక ఇంటి గీజర్ ఆపగానే కింది నుంచి కేక వినిపించింది, "సున్నాకు పడిపోయింది సార్" అని.

ఆ గీజర్‌లో నీళ్లు వేడిచేసే కాయిల్ గొట్టానికి సూదిమొనంత చిల్లు పడింది. దాంతో కరెంటు గీజర్ ఒంటికి ఎక్కింది. ఎర్త్ సరిగ్గా ఉంటే ఫ్యూజు పోయేది. కానీ ఆ ఇంటి సాకెట్టు ఎర్త్ తీగను ఎప్పుడో ఎవరో బాత్‌రూములోని ఇనుప నీళ్ల గొట్టానికి చుట్టి వదిలేశారు. ఒకప్పుడు అదీ పనిచేసి ఉంటుంది, ఎందుకంటే ఆ గొట్టం కింద మొక్కల కుళాయిదాకా మట్టిలోంచే వెళ్లేది. రెండేళ్ల కిందట మట్టిలోని ఇనుము తుప్పు పట్టిందని అంత మేరకు ప్లాస్టిక్ గొట్టం వేశారు. అంతటితో నేలతో సంబంధం తెగిపోయింది. గోడల్లో మిగిలిన ఇనుప గొట్టం మాత్రం మూడో అంతస్తు కరెంటును మోసుకొచ్చి కింద పెద్దావిడ చేతికి అందించింది. ప్లంబర్ తన పని బాగానే చేశాడు. గీజర్ అమర్చినవాడికి ప్లంబర్ ఏం చేస్తాడో తెలియదు. భవనాన్ని మొత్తంగా చూసినవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

మీ అపార్ట్‌మెంటులో ఇనుప గొట్టాలు తీసి ప్లాస్టిక్‌వి వేయించి ఉంటే, ఒక్క ముక్క మార్చినా సరే, ఆ తర్వాత ఎర్తింగ్‌ను తప్పకుండా పరీక్ష చేయించండి.

కరెంటు సంగతి

ముందుగా ఒక మాట. కొలవడం, కడగడం, వాషర్ మార్చడం చేతి పని తెలిసిన ఎవరైనా జాగ్రత్తగా చేసుకోవచ్చు. మెయిన్ బోర్డు, ఎర్త్ గుంట, గోడలోని తీగల జోలికి మాత్రం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియనే వెళ్లాలి. ఆయన వచ్చినప్పుడు ఏం అడగాలో, ఏం చూడాలో మీకు తెలిసి ఉండాలని కూడా ఇది రాస్తున్నాను.

గీజర్ స్విచ్ ఆపితే కరెంటు ఆగిందని అనుకోకండి. పాత ఇళ్లలో స్విచ్‌ను కరెంటు తెచ్చే ఫేజ్ తీగ మీద కాకుండా, దాన్ని తిరిగి తీసుకెళ్లే న్యూట్రల్ తీగ మీద పెట్టిన బోర్డులు నేను లెక్కలేనన్ని చూశాను. అలాంటి చోట స్విచ్ ఆపితే దీపం ఆరిపోతుంది, కాయిల్‌లో మాత్రం ఫేజ్ అలాగే ఉంటుంది. కాబట్టి స్విచ్ ఆపండి, ప్లగ్గు పీకండి, బోర్డులో ఆ లైనుకు ఉన్న చిన్న బ్రేకర్ మీట, అంటే ఎంసీబీ, కూడా దించండి. ప్లగ్గు లేకుండా తీగలు నేరుగా కలిపి ఉంటే ఇంటి మెయినే దించాలి. దించాక బోర్డు మీద "పని జరుగుతోంది, వేయకండి" అని కాగితం అంటించండి. ఇంట్లో ఎవరో ఒకరు ఫ్యాను తిరగలేదని వచ్చి మెయిన్ ఎత్తేస్తారు. నా చెయ్యి లోపల ఉండగా అలా ఒకసారి జరిగింది. అప్పటి నుంచి కాగితం, టేపు సంచిలో లేకుండా ఇల్లు కదలను.

స్క్రూడ్రైవర్‌లా ఉండే టెస్టర్‌ను ఒక్కదాన్నే నమ్మవద్దు. ప్లాస్టిక్ స్టూలు మీద, పొడి చెప్పులతో నిలబడితే అందులో దీపం కనీకనిపించకుండా వెలుగుతుంది. పట్టపగటి వెలుతురులో అది కనిపించనే కనిపించదు. ఒక మామూలు డిజిటల్ మల్టీమీటరు కొనుక్కోండి. పని మొదలుపెట్టే ముందు దాన్ని వేరే సాకెట్టులో పెట్టి పనిచేస్తోందని చూసుకుని, తర్వాత గీజర్ తీగల దగ్గర పెట్టి సున్నా చూపిస్తోందని నిర్ధారించుకోండి.

ఇక ఎర్త్. "మూడు పిన్నుల సాకెట్టే కదా నాయనా, ఎర్త్ ఉన్నట్టే కదా" అని అడుగుతారు. మూడో రంధ్రం ఉండటం వేరు, దాని వెనక తీగ ఉండటం వేరు, ఆ తీగ నేలదాకా చేరడం వేరు. పాత భవనాల్లో ఈ మూడింటిలో మొదటిదే ఖాయం. మీటరుతో సాకెట్టులో మూడు కొలతలు తీయండి. ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య 230 దరిదాపుల్లో ఉండాలి. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య కూడా ఇంచుమించు అంతే ఉండాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. ఫేజ్ నుంచి ఎర్త్‌కు 60, 90, 110 ఇలా నిలకడ లేకుండా చూపిస్తే ఎర్త్ తెగిపోయిందని అర్థం.

ఇంకొక మోసం ఉంది. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఖచ్చితంగా సున్నా వచ్చి, అదే లైను మీద ఇస్త్రీపెట్టె వేసినా అది సున్నా నుంచి కదలకపోతే సంతోషించకండి. మెయిన్ దించి సాకెట్టు విప్పి చూస్తే, ఎర్త్ పిన్నునూ న్యూట్రల్ పిన్నునూ చిన్న తీగముక్కతో కలిపి ఉండటం చూస్తారు. ఎర్త్ లేని ఇంట్లో ఉన్నట్టు చూపించడానికి చేసే పని ఇది. ఆ న్యూట్రల్ ఎక్కడైనా తెగిందంటే ఫేజ్ మొత్తం కాయిల్ గుండా వచ్చి గీజర్ ఒంటి మీద నిలబడుతుంది. ఇది కనిపించిన ఇంట్లో ఆ ముక్క తీసేసి, ఎర్త్ వచ్చేదాకా గీజర్ వాడవద్దని చెప్పి వస్తాను. కొందరికి కోపం వస్తుంది. వచ్చినా సరే.

డిజిటల్ మీటరు ఒక్కోసారి బలహీనమైన ఎర్త్‌ను కూడా మంచిదానిగా చూపిస్తుంది. అందుకే మేము 100 వాట్ల పాత బల్బును ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య పెట్టి చూస్తాం. నిండుగా వెలిగితే ఎర్త్ బరువు మోస్తోందని, మసకగా వెలిగితే లేదని తెలుస్తుంది. ఇది మాత్రం మీరు చేయకండి. ఎర్త్ తెగి ఉన్న చోట బల్బు పెట్టినంతసేపూ ఆ ఎర్త్ తీగకు కలిసిన ఫ్రిజ్జు, వాషింగ్ మెషిన్ ఒళ్లన్నింటికీ కరెంటు ఎక్కుతుంది. ఎలక్ట్రీషియన్ ఈ పరీక్ష చేసేటప్పుడు ఇంట్లోవాళ్లు ఏ ఇనుప వస్తువునూ ముట్టుకోకుండా ఒక గదిలో కూర్చోవాలి. కరెంటు పక్కదారి పడితే లైను తెంచే ఆర్‌సీసీబీ ఉన్న ఇంట్లో బల్బు పెట్టగానే అది పడిపోతుంది. పడితే మంచిదే, ఎర్త్ ఎంతో కొంత ఉందని, ఆర్‌సీసీబీ పనిచేస్తోందని రెండూ ఒకేసారి తెలుస్తాయి.

ఆర్‌సీసీబీ గురించి ప్రతి ఇంట్లోనూ వాదిస్తాను. "ఎంసీబీ ఉంది కదా" అంటారు. 16 ఆంపియర్ల ఎంసీబీ కాపాడేది తీగను. మనిషి ప్రాణానికి ముప్పు తెచ్చే కరెంటు ఆంపియరులో చిన్న భాగమే, అంతకు ఎంసీబీ చలించదు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ వెళ్లిన కరెంటునూ తిరిగి వచ్చిన కరెంటునూ పోల్చి, తేడా రాగానే రెప్పపాటులో లైను తెంచుతుంది. పాత ఇంట్లో అది పెట్టగానే పదే పదే పడుతుంటే దాన్ని పీకేయకండి. చాలాసార్లు కారణం, ఒక గది న్యూట్రల్‌ను ఇంకో లైను న్యూట్రల్‌తో బోర్డు వెనక కలిపేసి ఉండటం. వాటిని విడదీయడానికి ఒక పూట పడుతుంది. ఆ పూట కూలి ఇచ్చి చేయించుకోండి.

తీగ కూడా చూడాలి. 2,000 వాట్ల గీజర్ 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. 3,000 వాట్లది 13 ఆంపియర్లు. పాత ఇళ్లలో గీజర్ లైను సన్నటి అల్యూమినియం తీగతో ఉండటం మామూలు. దాన్ని రాగి తీగతో మెలిపెట్టి టేపు చుడతారు. ఆ ముడి దగ్గర అల్యూమినియానికి పొర పట్టి, వేడెక్కి, టేపు కరిగి, చివరికి సాకెట్టు నల్లబడుతుంది. ప్లగ్గు పీకి పిన్నులను చూడండి. ఇత్తడి రంగు పోయి, ఒక పిన్ను నీలిగా గానీ నల్లగా గానీ మారి ఉంటే గీజర్‌ను అనుమానించే ముందు సాకెట్టును, తీగను మార్చాలి. 16 ఆంపియర్ల సాకెట్టు, మెయిన్ నుంచి విడిగా వచ్చే 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, దానికి సొంత ఎంసీబీ వేయిస్తే చాలాకాలం నిశ్చింత. పాత 15 లీటర్లది తీసేసి, చోటు కలిసివస్తుందని 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్ పెడుతుంటారు. చూడటానికి చిన్నది, లాగేది మాత్రం 13 ఆంపియర్లు. తీగ మార్చకుండా అది పెట్టవద్దు.

నీళ్లు కట్టేటప్పుడు

కొత్త ఇళ్లలో గీజర్ కింద యాంగిల్ వాల్వు ఉంటుంది, తిప్పితే నీళ్లు ఆగుతాయి. పాత అపార్ట్‌మెంట్లలో అది ఉండదు, ఉన్నా తుప్పు పట్టి తిరగదు. మేడ మీదకు వెళ్లి మీ బాత్‌రూముల వరుసకు దిగే గొట్టం మీద ఉన్న గేట్ వాల్వు కట్టాలి. అది కడితే మీ కింద, పైన ఉన్న అన్ని బాత్‌రూములకూ నీళ్లు ఆగుతాయి. కాబట్టి ముందు ప్రతి ఇంటికీ చెప్పండి. చెప్పేటప్పుడు "నీళ్లు రావు" అని ఊరుకోకుండా, "మీ గీజర్ కూడా ఆపి ఉంచండి" అనాలి. ఎందుకో చెబుతాను.

గీజర్‌లో చల్లనీళ్లు కింది నుంచి లోపలికి వెళ్తాయి. ఆ గొట్టం అన్ని ఇళ్లకూ ఒకటే. పైన వాల్వు కట్టాక కింది అంతస్తులో ఎవరైనా కుళాయి తిప్పితే, ఆ గొట్టం ఖాళీ అవుతూ పై ఇళ్ల గీజర్లలోని నీళ్లను వెనక్కి లాగుతుంది. గీజర్ ముందు వెనక్కి పోనివ్వని వాల్వు మంచిగా ఉంటే ఆగుతుంది. పాతవాటిలో అది ఉప్పు పట్టి తెరుచుకుని ఉండిపోతుంది. అప్పుడు పై ఇంటివాళ్లు గీజర్ వేశారంటే నీళ్లు లేని ట్యాంకులో కాయిల్ ఎర్రగా కాలి చిట్లుతుంది. ట్యాంకు ఖాళీ అయిన ప్రతి వేసవిలోనూ ఇదే జరుగుతుంది. పలచటి రాగి ట్యాంకులు ఆ పీల్పుకు నలిగిన డబ్బాలా లోపలికి ముడుచుకుపోవడం కూడా నేను చూశాను. పై అంతస్తువాళ్లకు కాయిల్ ఏడాదికోసారి పోతుంటే, మూడోసారి కాయిల్ కొనే ముందు ఆ వాల్వు మార్పించండి.

గేట్ వాల్వును ఒకేసారి బలంగా తిప్పకండి. ఏళ్ల తరబడి కదలనిది చేతిలో విరిగి వస్తుంది, ఇక భవనం మొత్తానికీ నీళ్లు ఉండవు. పావు చుట్టు బిగించి, కొంచెం వెనక్కి వదిలి, మళ్లీ బిగించాలి. అలాగే గోడలోంచి బయటికి వచ్చిన ఇనుప గొట్టం నుంచి గీజర్ పైపు విప్పేటప్పుడు రెండు పానాలు కావాలి, ఒకటి గోడ వైపు గొట్టాన్ని కదలకుండా పట్టుకోవడానికి, రెండోది విప్పడానికి. ఒక్క పానాతో తిప్పితే గోడ లోపల మరలు తెగుతాయి. అప్పుడు టైల్సు పగలగొట్టక తప్పదు.

గీజర్ లోపల

నీళ్లు, కరెంటు ఆగాయి. గంటసేపు చల్లారనివ్వండి. సేఫ్టీ వాల్వు మీటను ఎత్తి, వేడినీళ్ల కుళాయి తెరిచి పెడితే గాలి లోపలికి వెళ్లి నీళ్లు బకెట్టులోకి దిగుతాయి. మూత తీసే ముందు తీగలు ఏది ఎక్కడుందో ఫోనుతో ఫొటో తీసుకోండి.

తీగలు విప్పి కాయిల్ రెండు చివరల మధ్య నిరోధం కొలవండి. 2,000 వాట్లదానికి 26 ఓమ్‌లు, 3,000 వాట్లదానికి 17, 18 ఓమ్‌లు రావాలి. అంకె ఏమీ రాకపోతే కాయిల్ తెగింది. సరిగ్గా వస్తే ఇప్పుడు ఒక చివరకూ గీజర్ ఇనుముకూ మధ్య కొలవండి. ఏ అంకె వచ్చినా కాయిల్ పారేయాల్సిందే. ఏమీ రాకపోయినా వెంటనే నమ్మకండి. సన్నటి బీట ఉన్న కాయిల్ చల్లగా ఉన్నప్పుడు మంచిదానిలా నటిస్తుంది, వేడెక్కాక నీళ్లు లోపలికి చేరి ఐదో నిమిషానో పదో నిమిషానో లైను పడగొడుతుంది. స్విచ్ వేయగానే కాకుండా కాసేపయ్యాక పడే గీజర్‌లలో చాలావాటి జబ్బు ఇదే. కరెంటు కారుతోందేమో చూసే మెగ్గర్ అనే మీటరు ఉన్న ఎలక్ట్రీషియన్ 500 వోల్టులతో పరీక్షిస్తే ఆ బీట దాగదు.

కాయిల్ బాగుండి నీళ్లు వేడెక్కకపోతే, సరిపడా కాగాక కాయిల్‌ను ఆపే థర్మోస్టాట్, దాని పక్కన ఉండి వేడి మితిమీరితే లైను తెంచే కటౌట్ చూడాలి. కటౌట్ మీద చిన్న బొత్తాం ఉంటే నొక్కితే టక్కుమని కూర్చుంటుంది. కూర్చుంది కదా అని మూత బిగించేయకండి. అది పడిందంటే నీళ్లు మితిమీరి కాగాయి, లేదా ట్యాంకు ఖాళీగా కాలింది. ఆ కారణం వెతకాలి. థర్మోస్టాట్ పోయి ఉంటే అదే రకం కొత్తది వేయండి.

ఇక్కడ నన్ను నిద్రపోనివ్వని పని ఒకటి ఉంది. థర్మోస్టాట్ దొరకలేదనో, చవకగా అవుతుందనో, రెండు తీగలనూ నేరుగా కలిపేసి "డైరెక్టు చేశాను, వేడెక్కగానే ఆపేయండి" అని చెప్పి వెళ్లిపోతారు. ఆపడం ఎవరో ఒకరు ఒక రోజు మరిచిపోతారు. నీళ్లు మరిగి ఆవిరవుతాయి. దాన్ని వదలాల్సిన సేఫ్టీ వాల్వు సున్నం పట్టి మూసుకుపోయి ఉంటే, ఆ ట్యాంకు ఇక బాంబే. ఆ గోడకు అవతల పక్కింటి పిల్లల పడకగది ఉంటుంది. ఎవరు ఎంత బతిమాలినా ఈ పని చేయవద్దు, చేయనివ్వద్దు.

సేఫ్టీ వాల్వు నుంచి చుక్కలు పడుతున్నాయని మూత బిగించిన ఇళ్లు కూడా ఉన్నాయి. 15 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి 60కి వేడెక్కితే గ్లాసుడు నీళ్ల మేర పెరుగుతాయి. వెనక్కి పోయే దారి లేనప్పుడు ఆ గ్లాసుడు బయటికి రావాల్సిన దారి అదే. వేడెక్కేటప్పుడు నాలుగు చుక్కలు పడటం ఆరోగ్య లక్షణం. సన్నటి గొట్టం తగిలించి నేల మోరీ వైపు వదలండి. గీజర్ ఆపాక కూడా రాత్రంతా కారుతుంటే అప్పుడు వాల్వు మార్చండి.

సున్నం

మా వైపు ఇళ్లలో కృష్ణా, మంజీరా నీళ్లు వచ్చేది కొంతసేపు, మిగతాదంతా బోరు నీళ్లు. రెండూ ఒకే సంపులో కలుస్తాయి. తాగేనీటికి భారతీయ ప్రమాణం కాఠిన్యాన్ని, అంటే నీళ్లలో కరిగి ఉన్న సున్నాన్ని, లీటరుకు 200 మిల్లీగ్రాములు ఉంటే మంచిదంటుంది, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటుంది. బోరు నీళ్లు ఎంత గట్టివో బకెట్టు అంచున పట్టిన తెల్లటి గీతే చెబుతుంది. ఆ నీళ్లు కాగినప్పుడు కరిగి ఉన్న సున్నం కాయిల్ మీద పెంకులా గట్టిపడుతుంది.

దాన్ని చెవితోనే పట్టుకోవచ్చు. గీజర్ వేశాక ఇసుక మూకుట్లో శనగలు వేయిస్తున్నట్టు చిటపటలాడితే లోపల సున్నం పేరుకుంది. 15 లీటర్లు, 2,000 వాట్లు, 25 నుంచి 60 డిగ్రీలు అంటే లెక్క ప్రకారం 18, 20 నిమిషాల పని. మీ ఇంట్లో ముప్పావుగంట పడుతూ, వచ్చే వేడినీళ్లు ఒక బకెట్టుకే చల్లబడుతుంటే సందేహం అక్కర్లేదు.

కింది పళ్లెం నట్లు విప్పి కాయిల్‌ను నెమ్మదిగా కిందికి దించండి. మొదటిసారి చూసేవాళ్లు నివ్వెరపోతారు. వేలి లావు ఉండాల్సిన రాగి గొట్టం మణికట్టంత లావై, తెల్లగా, గరుగ్గా, సముద్రం ఒడ్డున దొరికే పగడపు రాయిలా ఉంటుంది. వెంట ట్యాంకులోంచి పెచ్చులు జలజల రాలుతాయి. ఒక ఇంట్లో 25 లీటర్ల గీజర్ నుంచి సగం బకెట్టు పెచ్చులు తీశాను. వాళ్లు పద్ధెనిమిదేళ్లుగా దాన్ని విప్పలేదు.

సుత్తితో కొట్టకండి, కాయిల్ గొట్టం చిట్లుతుంది. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పును లీటరు వేడినీళ్లకు 100 గ్రాముల చొప్పున ప్లాస్టిక్ బకెట్టులో కలిపి, కాయిల్‌ను తీగలు కలిపే చివర తడవకుండా నిలబెట్టండి. వెంటనే సోడాలా నురగ వస్తుంది. గంటా రెండు గంటల్లో సున్నం మెత్తబడి, ప్లాస్టిక్ బ్రష్షుతో రుద్దితే ఊడిపోతుంది. నురగ ఆగిపోయి ఇంకా సున్నం మిగిలితే కొత్త నీళ్లు కలపండి. బాత్‌రూము కడిగే యాసిడ్ మాత్రం వద్దు. అది సున్నంతో పాటు లోహాన్నీ తింటుంది, మూసిన బాత్‌రూములో దాని పొగ మీ ఊపిరితిత్తులనూ వదలదు. ట్యాంకు లోపలి గోడను ఇనుప వస్తువుతో గీకవద్దు. గాజు పూత ఉన్న ట్యాంకైతే ఒక్క గీత చాలు, అక్కడే తుప్పు మొదలవుతుంది.

కాయిల్ పక్కన పెన్సిలు కన్నా లావుగా ఒక కడ్డీ ఉందేమో చూడండి. రాగి ట్యాంకుల్లో సాధారణంగా ఉండదు, గాజు పూత ట్యాంకుల్లో ఉంటుంది. అది మెగ్నీషియం. ట్యాంకును తినాల్సిన నీళ్లు ముందు దాన్ని తింటాయి, దాని ఉద్యోగమే అది. మా బోరు నీళ్లకు ఏడాదిన్నర, రెండేళ్లలో అది గుంటలు పడి, లోపలి ఇనుప తీగ బయటపడుతుంది. అప్పటికి మార్చేస్తే ట్యాంకు బతుకుతుంది. కాయిల్‌కు అయ్యే ఖర్చులో కొంతే దీనికి అవుతుంది, అయినా అడిగి మార్పించుకునే ఇల్లు పదింటిలో ఒకటి కూడా కనిపించదు.

బిగించేటప్పుడు పాత రబ్బరు వాషర్ మళ్లీ వాడకండి, ఎంత బాగున్నట్టు కనిపించినా సరే. నట్లను వరుసగా కాకుండా ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించండి, కారు చక్రానికి చేసినట్టు. మరలకు టెఫ్లాన్ టేపు చుట్టి కలపండి. గీజర్ బయటి గొట్టాలు వేడినీళ్లకు పనికొచ్చే సీపీవీసీవేనా అని కూడా చూడండి. మామూలు చల్లనీళ్ల పీవీసీ వేడికి వంగి ముడి దగ్గర ఊడుతుంది. దింపి మళ్లీ ఎక్కిస్తుంటే గోడ కూడా చూడండి. 25 లీటర్ల గీజర్ నిండితే నీళ్ల బరువే 25 కిలోలు. పాత ఇళ్లలో బాత్‌రూము అడ్డగోడ నాలుగున్నర అంగుళాలే ఉంటుంది, చెమ్మకు సిమెంటు పిండిలా రాలుతుంది. పాత మేకు రంధ్రాలను వదిలి, గట్టి ఇటుక దొరికిన చోట కొత్త యాంకర్లు వేయండి.

ఇప్పుడు మేడ మీద వాల్వు నెమ్మదిగా విప్పండి, వేడినీళ్ల కుళాయి తెరిచే ఉంచండి. ముందు గాలి బుసబుసమంటుంది, తర్వాత తుప్పు నీళ్లు, తర్వాత తెల్లగా నురగ నీళ్లు. ధార తెగకుండా నిలకడగా వచ్చేదాకా ఆగండి. కుళాయి కట్టి పది నిమిషాలు పళ్లెం చుట్టూ వేలితో తడిమి చూడండి. పొడిగా ఉంటేనే కరెంటు. ఎంసీబీ ఎత్తి, ఆర్‌సీసీబీ పరీక్ష బొత్తాం నొక్కితే అది పడాలి. పడలేదంటే దాన్ని మార్చేదాకా గీజర్ వేయవద్దు. వేశాక నీళ్లు వేడెక్కేదాకా ఎవరూ కుళాయి ముట్టుకోకుండా, కుళాయికీ, మంచిదని ముందే తేలిన సాకెట్టు ఎర్త్‌కూ మధ్య మీటరు పెట్టి ఒకసారి చూడండి. ఇంచుమించు సున్నా ఉండాలి.

భవనానికి మంచి ఎర్త్ గుంట లేదని తేలితే అది ఒక్క ఇంటివాళ్లు చేయించే పని కాదు, సంఘం సమావేశంలో పెట్టండి. రెండున్నర మీటర్ల గొట్టం దిగేలా గుంట తవ్వించి, అక్కడి నుంచి ప్రతి మీటరు బోర్డుకూ విడి ఎర్త్ తీగ లాగించాలి. నేల ఎండిపోయే వేసవిలో ఆ గుంటలో వారానికోసారి రెండు బకెట్ల నీళ్లు పోయమని వాచ్‌మన్‌కు చెప్పండి. పైన చెప్పిన పెద్దావిడ ఉండే భవనంలో పదహారు ఇళ్లవాళ్లూ పంచుకుని ఆ పని చేయించారు. ఆ తర్వాత నేను వెళ్లి ఆవిడ కుళాయి దగ్గర మళ్లీ మీటరు పెట్టాను. 0.4 వోల్టులు. ఆవిడ అంకె చూసి ఊరుకోలేదు, "నువ్వు ముందు పట్టుకో బాబూ" అన్నారు. పట్టుకున్నాను. అప్పుడు ఆవిడ చెంబు తెచ్చి నీళ్లు పట్టుకున్నారు.

చివరి పని, గీజర్ మూత మీద చెరగని మార్కరుతో ఇవాళ్టి తేదీ, కాయిల్ ఎప్పుడు మార్చారు, కడ్డీ ఎప్పుడు మార్చారు రాయండి. తర్వాత మెట్లు దిగుతూ ప్రతి ఇంటి తలుపూ తట్టి నీళ్లు వదిలామని, ముందు వేడినీళ్ల కుళాయి తిప్పి ధార వచ్చాకే గీజర్ వేసుకోమని చెప్పండి.